తిరుగు ప్రయాణంలో విన్నవి

దీని మీద పడుకున్నవాళ్ళెవరూ ఇంతవరకు "నేను" అనలేదు. కాబట్టి ఇది కూడా అనదు. హుస్సేనీ ఆలంలో ఒక చిన్న మస్జిదు వసారాలో, వజూ చేసే హౌజు పక్కన, గోడకు చేరగిలబెట్టి ఉండే జనాజా మంచం ఇది. ఆరడుగుల పైన జానెడు పొడవు, రెండడుగుల వెడల్పు, ముందు రెండు, వెనక రెండు మోత కర్రలు. మామూలు రోజుల్లో దీని వెనక సందులో పిల్లి పిల్లల్ని పెడుతుంది. అరబీ చదువుకు వచ్చే పిల్లలు ఒకరి చెప్పులు ఒకరు తెచ్చి ఇక్కడే దాస్తారు. అవసరం పడిన రోజున మాత్రం నాలుగైదు జతల చేతులు ఒకేసారి వచ్చి పట్టుకుంటాయి, దుమ్ము దులుపుతాయి, బిందెలతో నీళ్ళు పోసి కడుగుతాయి.

దీని పుట్టుకకు కారణం మూసీ. 1908 సెప్టెంబర్ 28న నది పొంగి నగరంలో సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని ఇప్పటికీ ఆ చెట్టును చూపిస్తారు. మస్జిదులో అంతకుముందున్న మంచాన్ని ఆ వారంలో ఎవరో పురానాపూల్ వైపు ఎత్తుకుపోయారు. అది తిరిగి రాలేదు. నీళ్ళు తీశాక లాడ్ బజార్‌లో గాజుల వ్యాపారం చేసే ఒకాయన, తన ఇంటి తలుపుల కోసం తెప్పించుకున్న టేకు దూలాన్ని మస్జిదుకిచ్చేశాడు. ఆదిలాబాదు అడవి టేకు. దాన్ని కోసి, చిత్రిక పట్టి, మంచం చేసింది గౌలీపురా నుంచి వచ్చిన ఒక వడ్రంగి. పని ముగిశాక ఆయన బొట్టుపెట్టబోయి, చెయ్యి ఆపుకుని, తలవైపు పట్టీని ఒకసారి కళ్ళకద్దుకుని వెళ్ళాడట.

ఆ మంచమేనా ఇది అంటే చెప్పడం కష్టం. నాలుగు కాళ్ళలో రెండు మారాయి, ఇప్పుడున్నవి వేపవి. నవారు ఎన్నిసార్లు మార్చారో లెక్క లేదు. ఒక పక్క పట్టీని 1970ల్లో ఇరుకు సందులో మలుపు తిప్పబోతూ గోడకు కొట్టి విరగ్గొట్టారు. లోపల ఉన్న పెద్దావిడ మాత్రం కదల్లేదు. మొదటి టేకులో ఇప్పుడు మిగిలింది తలవైపు అడ్డపట్టీ, ఒక మోత కర్ర. అయినా పేటలో పెద్దవాళ్ళు దీన్ని "వరద మంచం" అనే పిలుస్తారు. పైన కప్పే వంపు చట్రం వేరే ఉంది. ఆడవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు దాన్ని బిగించి పరదా వేస్తారు. ఆ చట్రానికి ఒక మేకు ఎప్పుడూ వదులే. దాన్ని బిగించాలని వందేళ్ళుగా అందరూ అనుకుంటున్నారు.

వెళ్ళే దారి ఎప్పుడూ దాదాపు ఒకటే. హుస్సేనీ ఆలం నుంచి ఖిల్వత్ మీదుగా షాలిబండ రోడ్డు దాటి, మొగల్‌పురా సందుల్లోంచి సుల్తాన్‌షాహీ. అక్కడ దాయిరా మీర్ మోమిన్ శ్మశానం. మామూలుగా నడిస్తే అరగంట పైనే పడుతుంది, జనాజాతో అంతకంటే త్వరగా చేరతారు. పోయినవాళ్ళను ఆలస్యం చేయకూడదంటారు. దారి పొడుగునా భుజం ఇచ్చేవాళ్ళు మారుతుంటారు. ఎదురొచ్చిన ఆటో డ్రైవరు బండి ఆపి పది అడుగులు మోసి మళ్ళీ బండెక్కుతాడు. పోయినాయన ఎవరో అతనికి తెలియదు, అడగడు కూడా.

ఆ దారిలో ఎవరూ ముచ్చట్లాడరు. అరబీలో రెండు మాటలు, చెప్పుల చప్పుడు, అంతే. అసలు మాటలన్నీ తిరిగి వచ్చేటప్పుడే. ఖాళీ మంచాన్ని ఇద్దరు చాలు మొయ్యడానికి. ఎండగా ఉంటే తిరగేసి నెత్తిన పెట్టుకుంటారు, నీడకు నీడ. మట్టి చేతులు కడుక్కుని, చాయ్ తాగి బయలుదేరాక మనుషులకు మళ్ళీ నోరొస్తుంది. అద్దెల గురించి, అల్లుళ్ళ గురించి, మట్టి కింద వదిలి వచ్చినాయన బాకీల గురించి మాట్లాడతారు. ఈ మంచానికి తెలిసిన చరిత్రంతా ఈ తిరుగు ప్రయాణాల్లో విన్నదే.

అందులో ఎక్కువభాగం ఇద్దరి నోట విన్నది. ఒకాయన బడిలో చరిత్ర చెప్పి రిటైరైన పంతులు. పేటలో ఎవరు పోయినా ఆయన రావాల్సిందే. రెండోవాడు లాడ్ బజార్‌లో లక్కగాజులకు అద్దాలు అతికే తెలుగు కుర్రాడు. పక్కింటి ముసలాయన పోయినప్పుడు మొదటిసారి భుజమిచ్చాడు, ఆ తరవాత పిలవకపోయినా వచ్చేవాడు. వెనక కర్రలు కుర్రాడివి, ముందు కర్రలు సారువి. ప్రశ్న వెనకనుంచి వచ్చేది, జవాబు ముందునుంచి.

"సార్, ఈ మీర్ మోమిన్ ఎవరు? అంత పెద్ద జాగా ఎట్లొచ్చింది ఆయనకు?"

"వచ్చుడేంది, ఆయనే ఇచ్చిండు. చార్మినార్ ఉన్నదే, ఆ నాలుగు దిక్కుల రోడ్లున్నయే, ఆ నక్షా గీసింది ఆయనే అంటరు."

"ఊరు కట్టినాయనే బొందలగడ్డ గూడ కట్టిండా?"

"ఇల్లు కట్టెటోడు పడకగది మర్చిపోతడా?"

మీర్ మొహమ్మద్ మోమిన్ ఊరు ఇరాన్‌కు ఉత్తరాన, కాస్పియన్ సముద్రం దగ్గరి అస్తరాబాద్. ఇప్పుడు దాన్ని గోర్గాన్ అంటారు. సఫవీ చక్రవర్తి షా తహ్మాస్ప్ కొడుక్కి చదువు చెప్పిన పండితుడు. 1576లో ఆ చక్రవర్తి పోవడం, వారసత్వం కొట్లాటలో ఆ శిష్యుడు హతం కావడం వెంటవెంటనే జరిగాయి. మరి అయిదారేళ్ళకు, 1581 ప్రాంతంలో మోమిన్ గోల్కొండ చేరాడు. మొహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆయన్ను పేష్వాను, అంటే ప్రధానమంత్రిని, చేసుకున్నాడు. ఆ తరవాతి సుల్తాను దగ్గరా ఆ పదవిలోనే ఉండి 1625 ప్రాంతంలో కన్నుమూశాడు. నగరం పునాదులు 1591లో పడ్డాయి. ఈయన రాసిన పుస్తకాల్లో తూనికలు, కొలతల మీద 'రిసాలా మిఖ్దారియా' అనే చిన్న గ్రంథం ఒకటుంది. జీవితమంతా ఒకే కొలతను మోసిన ఈ మంచానికి ఆ సంగతి విన్నప్పుడు ఆయన మీద ప్రత్యేకమైన అభిమానం కలిగింది.

అప్పట్లో ఇరాన్ నుంచి ఇంతమంది ఇక్కడికెందుకు వచ్చారన్నది కుర్రాడి తరవాతి ప్రశ్న. సారు జవాబు షాలిబండ నుంచి ఖిల్వత్ దాకా సాగింది. గోల్కొండ సుల్తానుల మూలపురుషుడు సుల్తాన్ కులీది హమదాన్. ఇక్కడి దర్బారు షియా దర్బారు, రాతకోతలు చాలావరకు పారసీలో. కలం పట్టినవాడికి కొలువుంది, వైద్యం తెలిసినవాడికి 1595లో కట్టిన దారుల్‌షిఫా ఉంది, వర్తకుడికి వజ్రాల గనులు, మచిలీపట్నం రేవు ఉన్నాయి. అక్కడ రాజు మారితే తల పోయే రోజులు, ఇక్కడ తలకు పాగా చుట్టే రోజులు. దబీర్‌పురా అన్న పేరులో లేఖకుడున్నాడు, ఇరానీ గల్లీ పేరు విప్పి చెప్పక్కర్లేదు.

వచ్చినవాళ్ళు బతకడానికి వచ్చారు, ఒప్పుకోవాల్సిందే. చావు సంగతేమిటి? షియాలకు నజఫ్‌లోనో కర్బలాలోనో మట్టిలో కలవాలని కోరిక. ఇరాన్‌లో స్తోమత ఉన్నవాళ్ళు శవాన్ని ఒంటెల మీద, కంచరగాడిదల మీద అక్కడికి పంపేవాళ్ళు. నజఫ్‌లోని వాదీ ఉస్సలాం ఇవాళ ప్రపంచంలోని అతి పెద్ద శ్మశానాల్లో ఒకటి కావడానికి కారణం అదే. గోల్కొండ నుంచి శవాన్ని పంపాలంటే సముద్రం దాటాలి. మీర్ మోమిన్ దీనికి తిరగేసిన ఉపాయం పట్టాడు. మనిషిని మట్టి దగ్గరికి చేర్చలేకపోతే మట్టినే మనిషి దగ్గరికి రప్పించాలి. కర్బలా మట్టిని ఓడల్లో తెప్పించి ఈ నేలలో కలిపించాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఎన్ని ఓడలు, ఎన్ని బండ్లు అన్నది మాత్రం చెప్పేవాళ్ళను బట్టి పెరుగుతూ పోతుంది.

ఇటలీలోని పీసాలోనూ అచ్చం ఇలాంటి కథే ఉంది. అక్కడ పక్కకు ఒరిగిన గోపురం ఒక్కదాన్నే చూసి అందరూ ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు గాని, ఆ పక్కనే కంపోసాంతో అనే పాత శ్మశానం ఉంది. 12వ శతాబ్దంలో ఒక ఆర్చిబిషప్పు యేసును శిలువ వేసిన కొండ మట్టిని ఓడల్లో తెచ్చి అక్కడ పోయించాడని చెబుతారు. మతాలు వేరు, సముద్రాలు వేరు, ఓడలో సరుకు మాత్రం ఒకటే.

దాయిరా అంటే వలయం, చుట్టుగీత. గీత గీసింది మీర్ మోమినే అయినా ఆ చోటికి మొదట వచ్చింది ఆయన కాదట. నజఫ్ నుంచి షా చిరాగ్ అనే సాధువు వచ్చి, నగరం లేని రోజుల్లోనే అక్కడ ఉండేవాడని, ఆయన సమాధి ఉందన్న గౌరవంతోనే పేష్వా ఆ నేలను ఎంచుకున్నాడని అంటారు. ఈ కథ చెప్పిన రోజున కుర్రాడు మంచాన్ని ఒక్కసారి ఆపేశాడు.

"అంటే షా చిరాగ్ కంటే ముందు ఇక్కడ ఎవ్వలు లేరా సార్? మా నాయనమ్మ చించలం అంటదే?"

సారు నవ్వాడు. చార్మినార్ లేవకముందు ఈ చుట్టుపక్కల చించలం అనే పల్లె ఉండేదని, ఇప్పటి షాలిబండ ఆ పల్లె నేలేనని పాతబస్తీలో చెప్పుకుంటారు. చించలం వాళ్ళు చనిపోయినవాళ్ళను ఎక్కడికి తీసుకెళ్ళేవాళ్ళో ఏ పారసీ పుస్తకమూ పట్టించుకోలేదు. ఎవరి పొలాల మీదుగా నాలుగు రోడ్లు వేశారో వాళ్ళ పేర్లూ లేవు. నగరానికి తొలి కాపురస్తులంటే ఓడ దిగినవాళ్ళనే లెక్కవేయడం ఈ మంచానికి అప్పుడూ ఇప్పుడూ నచ్చదు. అయితే ఆ దర్బారు తెలుగును బొత్తిగా ఎరగనిదని కూడా అనలేం. కుతుబ్‌షాహీల కాలంలోనే పటాన్‌చెరులో అమీన్ ఖాన్ అనే సర్దారుకు పొన్నెగంటి తెలగన తన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అదీ సంస్కృతం తగలని అచ్చతెలుగులో. సంస్కృతాన్ని గుమ్మం బయటే నిలబెట్టిన కవి, ఖానుగారిని మాత్రం లోపలికి పిలిచి పీటేశాడు.

పేట పేరు కూడా ఇలాంటి కలగలుపే. మొహర్రంలో నిలబెట్టే ఒక ఆలం పేరే హుస్సేనీ ఆలం. ఇమాముల ఇంటి కత్తి ఒకటి ఇరాన్ నుంచి వచ్చి ఇందులో ఉందని నమ్మకం. పల్లెల్లో పీరు అనేది దీన్నే. కుర్రాడి నాయనమ్మ ఏటా దట్టి కట్టేది దీనికే. మనవడు పుట్టాలని మొక్కుకుని కట్టిందట. పుట్టాక కూడా మానలేదు. దట్టి కట్టి, కళ్ళకద్దుకుని, బయటికొచ్చి మస్జిదు గుమ్మంలోంచి వరద మంచాన్ని చూసి మొహం తిప్పుకునేది. పొద్దున్నే దీని మొహం చూడకూడదని ఆమె పట్టింపు. ఆ మాత్రం మర్యాద లోపానికి ఇది నొచ్చుకోదు.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టాడు. కుతుబ్‌షాహీలు పోయారు, మొగల్‌పురా వచ్చింది, తరవాత ఆసఫ్‌జాహీలు వచ్చారు. దాయిరాలో మాత్రం తవ్వకం ఆగలేదు.

ఆసఫ్‌జాహీల కాలంలో అక్కడికి చేరిన పెద్దమనిషి మీర్ ఆలం. తండ్రిది ఇరాన్‌లోని షూస్తర్. కొడుకు పుట్టింది ఇక్కడే. షూస్తర్ అంటే నీటిపనులకు పెట్టింది పేరు. నదిని చీల్చి, బండల్లో సొరంగాలు తొలిచి మరలు తిప్పిన ఊరు. ఆ ఊరివాడి కొడుకు 1804లో నిజాముకు దివాను అయ్యి, ఊరి బయట చెరువు తలపెట్టాడు. మీర్ ఆలం చెరువు కట్ట మిగతా కట్టల్లా తిన్నగా ఉండదు. 21 అర్ధచంద్రాకారపు రాతి కమానులు పక్కపక్కన నిలబడి నీటిని వీపుతో ఆపుతాయి. తండ్రి ఊరి నీటిపనులే కొడుకు మనసులో ఉన్నాయా అంటే, రాసిపెట్టిన సాక్ష్యం లేదు గాని సారుకు మాత్రం ఆ అనుమానం గట్టిగా ఉండేది. చెరువు సంగతి వచ్చినప్పుడల్లా మంచాన్ని దింపి, వేలితో నేల మీద కమానులు గీసి చూపించేవాడు. వెనకొచ్చే స్కూటరువాళ్ళు హారన్ కొడుతుండేవాళ్ళు.

ఆ వంశంలో వాళ్ళే సాలార్‌జంగులు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ 24 ఏళ్ళకు, 1853లో దివాను అయ్యి ముప్ఫై ఏళ్ళు రాజ్యం నడిపాడు. ఖజానా గాడిలో పడింది ఆయన చేతిలోనే, రైలు వచ్చింది ఆయన రోజుల్లోనే. 1883 ఫిబ్రవరి 8న కలరాతో పోయాడు. ఆయన మనవడు మూడో సాలార్‌జంగ్ యూసుఫ్ అలీ ఖాన్ పెళ్ళి చేసుకోలేదు, వస్తువులు పోగుచేశాడు. 1949 మార్చి 2న ఆయన పోయాక ఇల్లంతా నిండిన ఆ వస్తువులతో 1951లో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం తెరిచారు. వీళ్ళంతా దాయిరాలోనే ఉన్నారు. 1949లో ఈ మంచం వసారాలోనే ఉంది, ఎవరూ పిలవలేదు. నవాబుల జనాజాలకు వేరే ఏర్పాట్లుంటాయి. గేటు దాటాక మాత్రం ఇది తెచ్చినవాళ్ళూ, ఆ ఏర్పాట్లతో వచ్చినవాళ్ళూ గోరీ తవ్వే ఒకే గోర్కన్‌ను పిలవాలి.

1968 ఏప్రిల్‌లో జరిగినదాన్ని సారు చాలాసార్లు చెప్పాడు. పాటియాలా ఘరానా ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ పుట్టింది పంజాబులోని కసూర్‌లో. దేశం చీలాక ఆ ఊరు పాకిస్తాన్‌కు వెళ్ళింది. ఆయన అక్కడ ఇమడలేక తిరిగొచ్చి, 1950ల చివర్లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. 'మొఘల్-ఎ-ఆజమ్' సినిమాలో పాడమంటే వద్దనలేక, పాటకు 25,000 రూపాయలు అడిగాడట, అంత ఇవ్వలేక వాళ్ళే వెళ్ళిపోతారని. వాళ్ళు ఇచ్చేశారు. చివరి రోజుల్లో హైదరాబాదులో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఉండి అక్కడే కన్నుమూశాడు. తెచ్చింది దాయిరాకే.

"కసూరోడు, బొంబాయిల పాడిండు, కలకత్తల పాడిండు. ఆఖరికి మన సుల్తాన్‌షాహీల పండిండు," అనేవాడు సారు.

"అస్తరాబాదోడి పక్కకు," అని వెనకనుంచి కుర్రాడు అందించేవాడు.

ఒక రంజాను ముందు ఈ మంచానికి నవారు అల్లించడానికి పెద్ద బజారుకు తీసుకెళ్ళి వస్తూ, దారి మళ్ళించి సారు కుర్రాడికి ఉప్పుగూడ చూపించాడు. అక్కడ ఆర్మీనియన్ల పాత శ్మశానం ఉంది, 17వ శతాబ్దం నాటిది. గోల్కొండ వజ్రాలకు, బట్టలకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన క్రైస్తవ వర్తకులు వాళ్ళు. రాళ్ళ మీది లిపిని వీధిలో ఎవరూ చదవలేరు. దాయిరా రాళ్ళను చదవడానికి ఇంకా ఒకరిద్దరున్నారు. అక్కడ నల్లరాతి మీద నస్ఖ్, నస్తాలిక్ అక్షరాలు వర్షానికి తడిసినప్పుడు బాగా తేలతాయి, ఆరితే మాయమవుతాయి. పాత సమాధుల్లో మగవాళ్ళదైతే పైన కలందాను ఆకారంలో ఒక రాతి మిట్ట, ఆడవాళ్ళదైతే పలకలా బల్లపరుపు. పేరు చెరిగిపోయినా ఆ మాత్రం గుర్తు మిగులుతుంది. కుర్రాడికి ఉర్దూ రాదు. ఈ కలందాను, పలక తేడా తెలిశాక మాత్రం ప్రతి రాయినీ చదివేసినట్టే తిరిగేవాడు.

ఇప్పుడు దాయిరా చుట్టూ ఇళ్ళు. ఒకప్పుడు ఊరి వెలుపలి నేల, ఇవాళ గోడకు గోడ ఆనుకున్న మూడంతస్తుల మేడల నడిమి చోటు. పెరటి కిటికీలోంచి చెయ్యి చాపితే సమాధి అందుతుంది. జాగా లేక తాత పక్కన కాదు, తాత పైనే మనవణ్ణి పెట్టాల్సి వస్తోంది. 1948 తరవాత కరాచీ వెళ్ళిపోయినవాళ్ళ పెద్దల సమాధుల మీద వేపచెట్లు లేచాయి. గల్ఫ్‌కూ షికాగోకూ వెళ్ళినవాళ్ళు ఫోన్లోంచే పిడికెడు మట్టి వెయ్యమంటారు. పక్కవాడు వీళ్ళ పేరు చెప్పి వేస్తాడు. ఫోను పట్టుకున్నవాడి చెయ్యి వణికితే అవతలివాళ్ళకు ఆకాశం తప్ప ఏమీ కనపడదు.

ఈ మంచానికి కూడా పని తగ్గింది. ఇప్పుడు ఇనప మంచం వచ్చింది, మడత కాళ్ళది, వ్యాన్‌లో పడుతుంది. పేటలో కొందరు యువకులు దీన్ని పాత సామానుకింద తీసేద్దామన్నారు కూడా. వ్యాను దూరని సందులు రెండు మూడు ఇంకా మిగిలి ఉండబట్టి ఆగింది. 2020లో, ఆ మరుసటేడు, నెలల తరబడి ఎవరూ భుజాల మీద వెళ్ళలేదు. మనుషులు సంచుల్లో పోయారు, వెనక నడిచేవాళ్ళు లేరు, తిరిగొచ్చే ముచ్చట్లూ లేవు. పిల్లి మాత్రం రెండు ఈతలు ఈనింది.

సారు ఉండేది ఆ వ్యాను దూరని సందులోనే. మొన్న చలికాలంలో, తెల్లవారుజామున, ఆయన్ను ఈ మంచమే మోసింది. బరువు లేడు. ముందు కర్రల దగ్గర కుర్రాడు నిలబడ్డాడు. కుర్రాడంటే ఇప్పుడు నలభై దాటినాయన, లాడ్ బజార్‌లో సొంత దుకాణం. ఖిల్వత్, షాలిబండ, మొగల్‌పురా. ఎవరూ మాట్లాడలేదు. పని ముగిసింది, చేతులు కడుక్కున్నారు, చాయ్ తాగారు.

తిరిగొచ్చేటప్పుడు వెనక కర్రలు పట్టింది సారు మనవడు, కాలేజీ పిల్లాడు. మొగల్‌పురా మలుపు దాకా చూసి, "అంకుల్, ఈ మీర్ మోమిన్ ఎవరు?" అన్నాడు.

ముందున్నాయన గొంతు సవరించుకున్నాడు. షా తహ్మాస్ప్‌తో మొదలుపెట్టాడు. ఓడలు చెప్పాడు, మట్టి చెప్పాడు, చార్మినార్ నక్షా చెప్పాడు. ఓడల సంఖ్య సారు చెప్పినదానికంటే రెండు ఎక్కువైంది. తరవాత, మీర్ మోమిన్ షూస్తర్ నుంచి వచ్చాడన్నాడు.

షూస్తర్ మీర్ ఆలంది. మీర్ మోమిన్‌ది అస్తరాబాద్. తలవైపు పట్టీ అతని మెడకు ఆనుకునే ఉంది. ఖిల్వత్ దగ్గర నీళ్ళ ట్యాంకరు అడ్డం రాగా, ఇద్దరూ మంచాన్ని నిలువుగా తిప్పి, గోడ పక్కగా జరిగి నిలబడ్డారు.